శనివారం రాత్రి భజన గుడి

పోయిన నెల మా ఊళ్ళో మద్దెల తాత కాలం చేశాడు. భజన మండలి మనిషి పోతే శవం వాకిట్లో ఉన్నంతసేపూ మండలి కూర్చుని తత్వాలు పాడాలి. పాడె లేచాక ముందర తాళాలు నడవాలి. మా పాలమూరు పల్లెల్లో ఇది ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు. ఆ పూట తాళం పట్టడానికి మిగిలింది నలుగురు. హార్మోనియం పెట్టె వాయించేవాళ్ళే లేరు. కాసేపు పాడి వాళ్ళ గొంతులు అలిసిపోతే బంధువుల పిల్లవాడు స్పీకరు తెచ్చి ఫోన్‌లోంచి భజనలు పెట్టాడు. తప్పని ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో ఆ పూట పాట ఉండాలి కదా. అయినా ఊరంతటికీ దరువు పట్టిన మనిషి దరువు లేకుండా వాడ దాటడం చూసినవాళ్ళకు ఎవరికీ మనసున పట్టలేదు. మండలి ఎట్లా నడిచేదో తెలిసినవాళ్ళు నలుగురైనా ఉండగానే ఆ సంగతులు రాసిపెట్టాలని ఇది మొదలుపెట్టాను.

కూర్చునే తీరు

మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర పోయే తోవలో మన్యంకొండ గుట్ట కనబడే ఊళ్ళలో మాదొకటి. ఆంజనేయస్వామి గుడి ముందర బండలు పరిచిన మండపం ఉంటుంది. నాలుగు రాతి కంబాలు, మీద దూలాలు, అంతే. దాన్నే భజన గుడి అనేవాళ్ళు. శనివారం రాత్రి బువ్వలు తిని, పసులకు మేత వేసి, తొమ్మిదింటికల్లా ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. ముందు వచ్చినవాడు ఊడ్చి జంపఖానా పరచాలి. ఆలస్యంగా వచ్చినవాడు వచ్చే శనివారానికి కొబ్బరికాయ తేవాలి. పటేలుకైనా పాలేరుకైనా ఈ జరిమానా ఒకటే.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో లెక్క ఉండేది. దేవుడికి ఎదురుగా దీపం. దీపానికి కుడిపక్క హార్మోనియం పెట్టె, ఎడమపక్క మద్దెల. ఆ రెండింటి నుంచి కిందికి ఎదురెదురుగా రెండు వరుసల్లో తాళాలు. వాళ్ళ వెనక చిరుతలు, అంటే చెక్క తాళాలు, పట్టినవాళ్ళు, చిట్టచివర పిల్లలు. ఇది పెద్దరికాన్ని బట్టి వేసిన వరుస కాదు. పెట్టె వాయించేవాడికి మద్దెల కుడిచెయ్యి కనబడాలి, అది కనబడకపోతే ముక్తాయింపు, అంటే పాటను ముగించే దరువు, ఎక్కడ పడుతుందో తెలియదు. తాళాలవాళ్ళు ఒకరి మణికట్టు ఒకరు చూసుకోవాలి. చెవిని మాత్రమే నమ్ముకుంటే వరుస చివర ఉన్నవాడు ఎప్పుడూ వెంట్రుకవాసి వెనకబడతాడు. నలుగురు వెంట్రుకవాసి వెనకబడ్డారంటే దెబ్బ ఒక్కటిగా వినబడదు, గలగలమంటుంది. జాతరల్లో ఒకే వరుసగా కూర్చునే మండళ్ళను చూస్తే ఆ తేడా బాగా తెలిసేది.

కరెంటు ఉన్నా రాత్రిళ్ళు నిలిచేది కాదు కాబట్టి పెట్రోమాక్స్ లైటే దిక్కు. దాన్ని వెలిగించడం ఒక్కరి పని, ఇంకొకరు ముట్టుకోకూడదు. ట్యాంకులో గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, ముప్పావు వంతే పోయాలి, గాలికి చోటుండాలి. గిన్నెలో స్పిరిట్ పోసి అంటించి, గొట్టం బాగా కాగేదాకా ఆగి, అప్పుడు పంపు కొట్టాలి. తొందరపడి ముందే కొడితే నూనె ఆవిరి కాకుండానే ఎగదన్నుతుంది. ఎర్రమంట లేచి గాజు మసిబారుతుంది, లోపల వెలిగే వలగుడ్డ, మ్యాంటిల్, నల్లబడుతుంది. ఒకసారి కాలిన మ్యాంటిల్ ఒట్టి బూడిద గూడు, చీడపురుగు వచ్చి తగిలినా చిల్లి పడుతుంది. ఆ చిల్లిలోంచి మంట సూటిగా తగిలి గాజు పగులుతుంది. అందుకే వానాకాలం ఉసిళ్ళు లేచే రోజుల్లో లైటును మండపం బయట వేపకొమ్మకు కట్టి, లోపల దీపం వెలుగులోనే పాడేవాళ్ళు. గంటకోసారి పంపు కొట్టాలి. ఆ లైటు చేసే బుస్సు చప్పుడు మొదట్లో చెవికి అడ్డం, పాట అందుకున్నాక అసలు వినబడేదే కాదు.

పెట్టె

హార్మోనియాన్ని మా దిక్కు పెట్టె అనే అంటారు. మండలి పెట్టె మూడున్నర స్థాయిలది, వేళ్ళతో నొక్కే మెట్లు 42, రెండు వరుసల రీడ్లు. పంట వచ్చినప్పుడు ఇంటికింత చొప్పున వడ్లు, జొన్నలు పోగుచేసి, అమ్మి, పట్నం పోయి తెచ్చిన పెట్టె. కాబట్టి అది ఎవరి ఇంట్లో ఉన్నా ఊరి సొత్తు.

పాడేది వారానికి ఒక రాత్రి, పెట్టెను కాపాడుకోవడం మాత్రం ఏడు రోజుల పని. రీడు అంటే ఇత్తడి చట్రంలో కదిలే సన్నని ఇత్తడి నాలుక. దాని సందులో ఇంత నలుసు పడితే చాలు, ఆ స్వరం మూగబోతుంది, లేదా జుయ్యిమంటుంది. అప్పుడు పైపలక తీసి, పలచటి కాగితం ముక్కను నాలుక కింద దూర్చి మెల్లగా లాగాలి. ఊదితే నోటి తడి తగిలి చిలుము పట్టి మూడు నెలల్లో మళ్ళీ అదే బాధ వస్తుంది. పిన్నీసుతో గీకితే ఇంకా అన్యాయం. నాలుక కొస దగ్గర లోహం తగ్గితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర తగ్గితే కిందికి దిగుతుంది. శృతి సరిచేసేవాళ్ళు కావాలని చేసే పని అది. తెలియని చెయ్యి చేస్తే పక్క మెట్లతో కలవకుండా ఆ ఒక్క స్వరం ఎప్పటికీ వేరుగా అరుస్తుంటుంది.

వానాకాలంలో కట్టె ఉబ్బి మెట్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. నొక్కిన మెట్టు పైకి లేవదు, పాట అయిపోయినా స్వరం మోగుతూనే ఉంటుంది. మెట్టు పక్కలకు మైనపువత్తి రుద్దితే సర్దుకుంటుంది. ఎండకు పెడితే ఆరుతుందని కొందరు పెట్టేవాళ్ళు, కానీ ఎండకు బంక వదులై గాలి ఊదే తిత్తి మూలల్లో గాలి పోతుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎలుక. తిత్తి తోలు, గాలి మూతలకు వేసిన తోలు దానికి ఇష్టం. అందుకే పెట్టె మూత ఎత్తితే ఎప్పుడూ డాంబరుగోళీల వాసన, ఎండిన వేపాకు వాసన కలిసి వచ్చేవి. ఇప్పుడు కూడా ఏ ఇంట్లోనైనా పాత సందుగ తెరిస్తే ఆ వాసనకు శనివారం గుర్తుకొస్తుంది.

శృతి ఎంచడంలోనే మండలి తెలివి బయటపడేది. పాటను ముందు ఎత్తుకునేవాడి గొంతు ఎంత పైకి పోతుందో చూసి శృతి పెట్టకూడదు, వెనక అందుకునే ముప్పై గొంతులు చరణంలో పై స్వరాన్ని అందుకోగలవా అన్నది చూడాలి. ఒకటిన్నర శృతి, మించితే రెండు. అంకె పెరిగిన కొద్దీ గొంతు పైకి పోవాలి. జాతరల్లో పేరు కోసం నాలుగు శృతి పెట్టే గాయకులు ఉండేవాళ్ళు. మొదటి పాట అదిరిపోయేది. మూడో పాటకు వెనక సగంమంది కింది స్థాయికి జారిపోయేవాళ్ళు, ఇంకో సగంమంది ఉత్తగా పెదవులు ఆడించేవాళ్ళు.

మద్దెలకు రవ్వ

మద్దెల కుడి మూత మీద నల్లటి కరణి ఉంటుంది. ఇనుప చిట్టెం రాయిని పొడి చేసి, ఉడికిన అన్నంతో మెత్తగా నూరి, పొర మీద పొర వేసి, ఒక్కో పొరను నున్నటి రాయితో ఆరేదాకా రుద్దితే అది కుదురుతుంది. చేయి తిరిగినవాడు కూడా ఒక్కరోజులో తెమల్చలేడు. ఎండలో పెట్టి మరిచిపోతే కరణికి బీటలు వస్తాయి, తర్వాత దెబ్బ దెబ్బకూ పొక్కులు లేచిపోతాయి. ఎడమ మూతకు కరణి ఉండదు. దానికి ప్రతిసారీ రవ్వ పెట్టాలి.

గుప్పెడు బొంబాయి రవ్వలో నీళ్ళు చుక్కచుక్కగా వేస్తూ జిగురు వచ్చేదాకా పిసకాలి. తోలు మధ్యలో తడివేలు రాసి, ముద్దను గుండ్రంగా అద్ది, అంచులు పలచగా, నడుమ మందంగా ఉండేట్టు బొటనవేలితో ఒత్తుతారు. నీళ్ళు ఎక్కువైతే ముద్ద జారుతుంది. తక్కువైతే రెండో పాటకే ఎండి పెళ్ళలుగా రాలుతుంది. ఎంత పెట్టాలో చెవే చెబుతుంది. ఎడమ మోత కుడి మోతకు సరిగ్గా ఒక స్థాయి కింద పలికేదాకా కలుపుతూ పోవడమే. ఎక్కువైతే ధుమ్మనదు, దబ్బుమంటుంది. భజన అయిపోయాక ఎంత రాత్రయినా రవ్వ గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, గవిసెన తొడగాలి. ఒక్క రాత్రి బద్ధకిస్తే తెల్లారేసరికి ఎలుకలు రవ్వతోపాటు తోలును కూడా తిని పోతాయి.

కుడి మూత శృతికి చేర్చడానికి చిన్న రాయి, కట్టెముక్క కావాలి. మూత చుట్టూ అల్లిన తోలు జడ మీద పైనుంచి కొడితే మూత బిగిసి స్వరం లేస్తుంది, కింది నుంచి పైకి కొడితే దిగుతుంది. వార్లు పోయే తావులు పదహారు. ఒక్కచోటే బాదితే ఆ పక్క ఒక స్వరం, ఈ పక్క ఒక స్వరం పలుకుతుంది. తాత ఒక దెబ్బ కొట్టి, వేలితో మీటి, ఎదురుగా ఉన్న తావుకు పోయి మళ్ళీ కొట్టేవాడు. ఆ టకటకలు వింటూ జనం ముచ్చట్లు ఆపేవాళ్ళు. పెట్టె మీద షడ్జం నొక్కిపట్టి, మద్దెల దానికి కలిసిన క్షణంలో "ఇగ పట్టుర్రి" అనే మాట వచ్చేది. గణపతి స్తుతి మొదలయ్యేది అప్పుడే.

ఎత్తుకోవడం, అందుకోవడం

భజనలో పల్లవిని ఎత్తుకునేవాడు రెండుసార్లు పాడతాడు. మొదటిసారి మాట వినడానికి, రెండోసారి తాళం తెలియడానికి. మూడోసారి అందరూ అందుకోవాలి. కొత్తవాళ్ళు రెండోసారే దూకుతారు, అక్కడే పాట చెడుతుంది. చరణం కూడా అంతే, పాదం పాదంగా అందుకోవాలి. మొదటి కాలం నిదానంగా, తర్వాత రెట్టింపు, చివర పల్లవి ఒక్కటే తిప్పితిప్పి పాడుతూ ఊపు పెంచి, మద్దెల ముక్తాయింపుకు ఒక్కసారిగా ఆపాలి. ఆపడమే కష్టం. ఇరవై జతల తాళాల్లో ఒక్కటి టింగుమని మిగిలిపోయినా ఆ రాత్రంతా దాని ముచ్చటే.

తాళాలు కంచువి. రాగిలో తగరం దాదాపు ఐదో వంతు కలుస్తుంది కాబట్టి మోత నిలుస్తుంది, అదే కారణానికి పెళుసు కూడా. బండ మీద పడితే కంటికి కనబడని బీట పడుతుంది, ఆ తర్వాత ఎంత కొట్టినా తట్టుమనే చప్పుడే. రెండు బిళ్ళలను చదరంగా అదిమి కొడితే మోత అక్కడే చచ్చిపోతుంది. అంచుకు అంచు కొద్దిగా తప్పించి తాకించి వెంటనే వదలాలి. చిరుతలకు ఇత్తడి బిళ్ళల మేకు బిగువెక్కితే మోగవు, వదులైతే పాట మధ్యలో ఊడి పడతాయి. ఎండకాలం కట్టె పగలకుండా నెలకోసారి ఆముదం పట్టించేవాళ్ళు.

ఊపు ఎక్కిన కొద్దీ తాళం ఉరకడం ప్రతి మండలికీ ఉన్న రోగం. మంచి మండలిలో ఎవరూ అరవరు. మద్దెల తాత నగిషీలన్నీ మానేసి ఒట్టి దరువు మాత్రమే వేసేవాడు. పెట్టె ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడేది. తాళం రెండు ఆవృతాలు, అంటే రెండు చుట్లు, తిరిగేసరికి ఉరికినవాడికి తన చప్పుడే తనకు అడ్డంగా వినబడి తగ్గేవాడు.

ఇంత చెప్పింది ఒక సంగతి కోసం. ఎత్తుకునే గాయకుడు పోతే మండలి పోదు. పక్క ఊరి నుంచి ఒకరిని పిలుచుకోవచ్చు, ఉన్నవాళ్ళలోనే ఇంకొకరు లేస్తారు. ఎత్తుకునేవాళ్ళ పేర్లే అందరికీ గుర్తుంటాయి, ఫొటోలు కూడా వాళ్ళవే. కానీ వెనక కూర్చుని, పేరు లేకుండా, ప్రతి పాదాన్ని సరైన చోట అందుకునే ముప్పైమంది పోయిన రోజున మండలి పోతుంది. వాళ్ళకు బదులు దొరకదు. వాళ్ళు ఒక్కరొక్కరుగా తయారైనవాళ్ళు కాదు, ఏండ్ల తరబడి ఒకరి పక్కన ఒకరు కూర్చుని తయారైనవాళ్ళు.

పుస్తకం

పాటలు పొడుగు లెక్కల పుస్తకంలో ఉండేవి. ప్రతి పాటకు పైన రాగం, తాళం. ఆది ఎనిమిది, రూపకం ఆరు, జంపె పది అని తాళాల లెక్కలు అట్ట లోపల రాసి ఉండేవి. రామదాసు కీర్తనలు ఎటూ ఉంటాయి. వాటికన్నా మా దిక్కు గుండెకు దగ్గరగా పాడుకునేవి హనుమద్దాసుల కీర్తనలు. మన్యంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు ఇద్దరూ పాలమూరు నేల మీద కీర్తనలు కట్టినవాళ్ళే. పేరొకటే కాబట్టి ఎవరి పాట ఎవరిదని శనివారం శనివారం వాదన నడిచేది. వాగ్గేయకారుల చరిత్రలు రాసేవాళ్ళు ఈ ఇద్దరికీ ఇంకా ఎక్కువ చోటు ఇవ్వాలి. వాళ్ళ కీర్తనలు ఇంతకాలం నిలిచింది ప్రధానంగా ఇట్లాంటి మండపాల్లోనే.

తాళాలవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. పాట చెవి నుంచి చెవికే పోయేది. పుస్తకం చూసి రాసుకున్నవాళ్ళు కూడా తడిసి అలుక్కుపోయిన మాటను తోచినట్టు పూరించేవాళ్ళు. అందుకే ఒకే చరణం మా ఊళ్ళో ఒక తీరు, వాగు దాటితే ఇంకో తీరు. ఇంకో వింత కూడా ఉంది. పుస్తకం చివర పుటల్లో తెలుగు అక్షరాల్లో మరాఠీ అభంగాలు ఉండేవి. పుణె, ముంబై పనులకు పోయి వచ్చినవాళ్ళు తెచ్చినవి. పాండురంగని పేరు తప్ప ఇంకే మాటా తెలియకపోయినా వాటి నడక అందరికీ నచ్చింది. ఎగిరి అడుగు వేస్తూ పాడే పండరి భజన మా దిక్కు మొదటి నుంచీ ఉంది కాబట్టి కాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

ధనుర్మాసం, ఏకాహం

ధనుర్మాసమంతా, అంటే డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా, తెల్లవారుజామున నగర సంకీర్తన ఉండేది. నాలుగున్నరకు గుడి గంట. పెట్టెను మెడకు తువ్వాలతో వేలాడగట్టుకునేవాళ్ళు. ఒక చెయ్యి తిత్తికి, ఒక చెయ్యి మెట్లకు. మంచుకు మద్దెల మూతలు చల్లబడి, తడి పీల్చి, స్వరం దిగిపోయేది. బయలుదేరేదాకా దాన్ని గొంగడిలో చుట్టి పెట్టేవాళ్ళు. సగం వాడలు తిరిగాక మళ్ళీ ఒకచోట నిలబడి రాయితో కొట్టి సరిచేసుకోవాల్సిందే. పిల్లల గొంతులు ఎక్కువగా వినబడేది ఆ నెలలోనే. తండ్రులు పనులకు పోయి ఊళ్ళో ఉండని నెల అది, తాళాలు పిల్లల చేతికి వచ్చేవి. చివర గుడి దగ్గర ఆకులో వేడి పొంగలి. దాని కోసమే వచ్చే పిల్లలు కూడా నెల తిరిగేసరికి పది పాటలు అందుకోగలిగేవాళ్ళు.

శ్రీరామనవమికి ఏకాహం. ఇరవైనాలుగు గంటలు పాట ఆగకూడదు. రోజుకు ఎనిమిది ఝాములు, ఝాముకో జట్టు. జట్టుకు ఎత్తుకునేవాడు ఒకడు, పెట్టె, మద్దెల, తాళాలు కనీసం రెండు జతలు. అంటే తక్కువలో తక్కువ నలభైమంది. అందుకే చుట్టుపక్కల మండళ్ళకు నెల ముందే తాంబూలం పోయేది. వాళ్ళ ఏకాహానికి మళ్ళీ మనం పోవాలి. బదులు తీర్చని ఊరికి వచ్చే ఏడు ఎవరూ పోరు.

జట్టు మారేటప్పుడే పాట తెగే ప్రమాదం. పద్ధతి ఏమిటంటే కొత్త జట్టు తాళాలు ముందు కూర్చుని, నడుస్తున్న పాటలోనే కలవాలి. తర్వాత మద్దెల పక్కన మద్దెల చేరి రెండు ఆవృతాలు జంటగా వాయించాలి. అప్పుడు పాతవాళ్ళు ఒక్కొక్కరే లేవాలి. ఎత్తుకునేవాడు అందరికన్నా చివర మారాలి. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా గడ్డు ఘడియలు. తాళం సాగిపోతుంది, కూర్చున్నవాళ్ళు కునుకుతారు. ఆ ఝాముకు గట్టి గొంతును కాదు, పాటలు ఎక్కువ వచ్చినవాణ్ణి పెట్టేవాళ్ళు. పాట వెంట పాట మారుస్తుంటే నిద్ర దగ్గరికి రాదు. గొంతుకు శొంఠి, మిరియాలు, బెల్లం వేసి మరిగించిన నీళ్ళు. సల్ల ముట్టనిచ్చేవాళ్ళు కాదు. అఖండ దీపానికి గాజు చిమ్నీ, పక్కన నూనె గిన్నె, దానికి కూడా వంతులవారీగా ఒక మనిషి.

శనగ గుడాలు నలభైమందికి రెండు కిలోలు. రాత్రి నానబెట్టి, తెల్లారి ఉప్పేసి, గింజ వేళ్ళ మధ్య నలిగినా తోలు ఊడకుండా ఉన్నప్పుడే దించాలి. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, కొబ్బరి పొడి. నైవేద్యానికి కాబట్టి ఉల్లిగడ్డ పడదు.

డప్పు, ఉద్దాలు

మంచి సంగతులే రాసి ఇది వదిలేస్తే అబద్ధమవుతుంది. మండలిలో జరిమానా అందరికీ ఒకటే అన్నాను. ఆ 'అందరిలో' మాదిగవాడ లేదు. ఊరేగింపు ముందర డప్పు వాళ్ళదే. గడ్డి మంట వేసి, డప్పును సెగకు తిప్పుతూ వేలితో కొట్టి చూస్తూ, ఖణేల్ మనేదాకా కాచేవాళ్ళు. ఒక్క చోట ఎక్కువసేపు నిలిపితే తోలు చిట్లుతుంది. కుడిచేత మందపాటి చిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. మా మద్దెల తాత కూడా కొన్ని దరువులు వాళ్ళ డప్పు విని నేర్చుకున్నవే, ఆ మాట ఆయనే చెప్పేవాడు. మద్దెల మూతల తోలు, వార్లు, పెట్టె తిత్తికి వేసే అతుకు అన్నీ ఆ వాడ చేతుల మీదుగా వచ్చినవే. ఊరేగింపు గుడికి చేరాక మాత్రం డప్పు బయటే ఆగిపోయేది, భజన లోపల మొదలయ్యేది.

కార్తీకంలో మండలి కురుమూర్తి జాతరకు నడిచి పోయేది. అక్కడ ఉద్దాల ఉత్సవం పెద్ద ఘట్టం. ఉద్దాలంటే స్వామి పాదుకలు, వాటిని తోలుతో ఉపవాసాలుండి చేసేది మాదిగ కులపువాళ్ళే. ఆ ఉద్దాలను నెత్తికి తాకించుకోవడానికి జనం ఒకరి మీద ఒకరు పడతారు. అదే జనం ఊరికి తిరిగి వచ్చి, అవే చేతులవాళ్ళను భజన గుడి బండ ఎక్కనీయలేదు. ఇది చాలా కాలం నడిచింది. తర్వాత ఆ వాడ పిల్లలు చదువుకుని వచ్చి గట్టిగా అడిగితేనే మారింది తప్ప మండలి తనంతట తాను మారలేదు. మారినాక మొదటి నవమికి డప్పు, మద్దెల ఒకే మండపంలో మోగాయి. ఆ దరువు వినడానికి వాగు అవతలి ఊరివాళ్ళు కూడా వచ్చారు.

కోతలు అయ్యాక కిన్నెర తాతలు వచ్చేవాళ్ళు. వెదురు దండె, దానికి మూడు ఎండు సొరకాయ బుర్రలు, దండె మీద తేనెమైనంతో అతికించిన పన్నెండు మెట్లు, కొసన చెక్క పిట్ట. మెట్లను వెనకటికి అలుగు అనే అడవి జంతువు పెంకులతో చేసేవాళ్ళు. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు జరిగి స్వరం తప్పుతుంది. అందుకని వాళ్ళు చెట్టు నీడన కూర్చుని, ప్రతి కథకు ముందు వేలితో ఒక్కో మెట్టూ అదిమి చూసుకునేవాళ్ళు. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ మొదలైతే మా మండలి తాళాలు పక్కన పెట్టి వినేది. లింగాల దిక్కు కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్ళో ముసలివాళ్ళు ఆ బుర్రలను, మైనాన్ని తలుచుకుని ఒక పూటంతా మాట్లాడుకున్నారు.

వలస

మండలి ఎందుకు తగ్గిందంటే అందరూ టీవీ అంటారు. టీవీ తర్వాతి మాట. మా దిక్కు కారణం వలస. దసరా, దీపావళి దాటితే గుంపు మేస్త్రీలు అడ్వాన్సులు ఇచ్చి జనాన్ని కట్టల పనులకు, కాలువల పనులకు, పుణె ముంబై కట్టడాలకు తీసుకుపోయేవాళ్ళు. ఉగాదికో, తొలకరికో తిరిగి రాక. పోయినవాళ్ళెవరు? ఎత్తుకునే గాయకులు పొలం ఉన్నవాళ్ళు, ఊళ్ళోనే ఉండిపోయారు. పోయింది వెనక వరుసలవాళ్ళు, అందుకునేవాళ్ళు. మొదట్లో ఆరు నెలలు పోయి వచ్చేవాళ్ళు, వచ్చిన శనివారమే తాళం చేతికి తీసుకునేవాళ్ళు. తర్వాత పిల్లల్ని తీసుకుని పోయారు. తర్వాత రావడం మానేశారు. ఎత్తుకున్న పల్లవికి ఎదురుగా ఐదారు గొంతులే లేచే రోజు వచ్చాక, ఎత్తుకునేవాళ్ళకు కూడా నోరు రాలేదు. జూరాల నీళ్ళు కోయిల్‌సాగర్ ప్రాజెక్టులోకి ఎత్తిపోశాక సాగు పెరిగి కొందరు నిలిచారు. అయితే నిలిచిన పిల్లలు అప్పటికే శనివారం తెలియకుండా పెరిగారు.

ఇప్పుడు మండపంలో వెలుగు ఉందంటే అది ఆడవాళ్ళ కోలాటం వల్ల. వెనకటి మండలి ఆడవాళ్ళను మంగళహారతికి తప్ప లోపలికి పిలవలేదు, అదీ తప్పే. వాళ్ళు ఇప్పుడు ఒకే రంగు చీరలు కట్టుకుని, పక్క ఊరి నుంచి వచ్చే గురువమ్మ దగ్గర నేర్చుకుని, జాతరలకు కూడా పోతున్నారు. మూరెడు పొడుగు కోలలు, బొటనవేలి మందం, మనుషులు సరిసంఖ్య. లోపలి వలయం ఒక దిక్కు, బయటి వలయం దానికి ఎదురు దిక్కు. మామూలు కోలాటానికి స్పీకరు పాట సరిపోతుంది. జడ కోలాటం దగ్గరే చిక్కు వచ్చింది. పైన చక్రానికి కట్టిన తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, ఒకరి పైనుంచి ఒకరి కిందినుంచి తిరుగుతూ జడ అల్లుతారు. విప్పేటప్పుడు అల్లిన వరుసకు సరిగ్గా ఎదురు నడవాలి. ఒక్కరు ఒక్క అడుగు తప్పినా ముడి బిగుస్తుంది. ఆ ముడి విడేదాకా పాట అక్కడే నిలబడాలి, ఫోన్‌లో పాట నిలబడదు.

అందుకని గురువమ్మే మండలి ముసలివాళ్ళను పిలిచింది. "మీరు పల్లవి తిప్పుతా ఉండుర్రి పెద్దనాయనా, మేం ముడి ఇప్పుకుంటం" అన్నది. శుక్రవారం సాయంత్రాలు ఆ నలుగురూ తాళాలు పట్టుకుని కూర్చుంటున్నారు. వాళ్ళు ఎత్తుకుంటే తాళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు అందుకుంటున్నారు. శృతి రెండున్నర చేయాల్సి వచ్చింది, ముసలివాళ్ళకు అది కొంచెం బరువే. ప్రస్తుతం ఎనిమిది తాళ్ళతో ఆడుతున్నారు. సంక్రాంతికి పన్నెండు వేయాలంటున్నారు. దానికి పైచక్రం ఇంకా వెడల్పుది కావాలి, లేకపోతే తాళ్ళు మొదట్లోనే ఒరుసుకుంటాయి. వడ్రంగి పని చేసే వడ్లాయన కొలతలు తీసుకుని పోయాడు.